బాల్వాడీ గడప బయట నిలబడినవాళ్ళు

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్ర అనగానే సభ్యులకు గుర్తుకు వచ్చేవి కోటలు, దర్గాలు, సాయుధ పోరాటం, నాగార్జునసాగర్, ఫ్లోరైడ్ నీళ్ళు, పాలమూరు వలస కూలీలు. వీటి గురించి ఎన్నో పుస్తకాలు, వ్యాసాలు వచ్చినవి. పాలు తాగే పిల్లలు, తప్పటడుగులు వేసే పిల్లలు ఈ చరిత్రలో ఎక్కడ ఉన్నారని వెతికితే, బాల్వాడీలు ఎన్ని పెట్టినారు, అంగన్‌వాడీలలో ఏమి పంచినారు అన్న లెక్కలలో కనిపిస్తారు. కాని ఆ పిల్లలు తమంతట తాము నడిచి రాలేదు గదా! ఎవరో ఒకరు చంకనెత్తుకొని తెచ్చినారు. ఆ తెచ్చినవాళ్ళు ఎవరు, వాళ్ళను లోపలికి రానిచ్చినారా, లేక గడప దగ్గరనే పిల్లను తీసుకొని పంపించినారా అన్న సంగతి రిజిస్టర్లలో దొరకదు. ఈ వ్యాసంలో మేము ఆ ఒక్క సంగతినే కొంచెం వివరంగా చెప్పదలచినాము.

రెండు జిల్లాలని మేము అంటున్నది పాత జిల్లాలను. 2016 అక్టోబరు 11న నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయినవి. మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, ఆ తరువాత 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిపోయినవి. జిల్లాలు ఎన్ని అయితేనేమి, నేల ఒకటే. ఎర్ర చెల్కలు, రాళ్ళ గుట్టలు, వాన పడితే పంట, పడకపోతే వలస.

ఈ నేల మీద బీదింటి ఆడమనిషి కూలికి పోకుండా ఇల్లు గడిచింది ఎన్నడూ లేదు. జొన్న, ఆముదం, పల్లికాయ మన మెట్ట పంటలు. కలుపు తీసేది, ఆముదపు గెలలు కోసేది, పల్లికాయ ఏరేది ఆడవాళ్ళే. చేను గట్టున వేపచెట్టుకు చీరతో తొట్టెల కట్టి, చంటిపిల్లను అందులో పండబెట్టి, పక్కన ఆరేళ్ళదో ఏడేళ్ళదో పెద్దపిల్లను కూచోబెట్టి తల్లి పనిలోకి దిగేది. ఆ పెద్దపిల్ల పని తొట్టెల ఊపడం ఒక్కటే కాదు. చీమలను చూడాలె. ఎండ మళ్ళితే నీడకు జరపాలె. ఆకలికి ఏడిస్తే గట్టెంబడి ఎత్తుకొని పోయి తల్లికి ఇవ్వాలె. పాకే పిల్ల అయితే ఆముదపు గింజ నోట్లో పెట్టుకోకుండా కావలి ఉండాలె, ఎందుకంటే పచ్చి ఆముదపు గింజ నమిలితే విషం. ఇంత పని చేసే ఆ పిల్లకు కూలీ లేదు, పేరు లేదు. జనాభా లెక్కల్లో ఆమెకు ఏ పనీ లేనట్టే లెక్క.

పల్లెల్లో ఇంకొక పద్ధతి కూడా ఉండేది. పొలం పనికి పోలేని అవ్వ దగ్గర నాలుగైదు ఇండ్లవాళ్ళు పిల్లలను విడిచి పోయేవాళ్ళు. సాయంత్రం వచ్చి తీసుకుపోతూ కాసిన్ని గింజలో, ఒక పూట కూరో ఇచ్చేవాళ్ళు. పట్నాల బస్తీలలో, అంటే నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, గద్వాల వంటి చోట్ల, మన ఇళ్ళలో అదే పని దాదీమా, నానీమా చేసేవాళ్ళు. తల్లి గడప దాటకపోయినా కుట్టు మిషను దగ్గరనో, బీడీల చాట దగ్గరనో కూచుంటే పిల్లను పట్టుకొనేది దాదీనో, పెద్ద ఆపానో. దాదీ లేని ఇంటికి పక్కింటి ఖాలా దిక్కు. ఖాలాకు నెలకు ఇంత అని నోరు తెరిచి మాట్లాడుకోవడం తక్కువ. ఈద్‌కు ఒక జత బట్టలు, ఇంట్లో వండింది ఒక గిన్నె, కష్టం వస్తే చేబదులు. సగం చుట్టరికం, సగం ఉద్యోగం. ఇంగ్లండులో ఇటువంటివాళ్ళను 1948లోనే ఒక చట్టం కింద పేరు నమోదు చేసుకొమ్మన్నారు. మన దగ్గర వాళ్ళకొక పేరే పెట్టలేదు.

ఈ దాదీలు, అవ్వలు, అక్కలు పిల్లలను ఊరికే చూడలేదు, ఆడించినారు. కాళ్ళ మీద కూచోబెట్టుకొని ఊపడం, వేళ్ళు ఒక్కొక్కటి ముడిచి లెక్కబెట్టించడం, కొంగు చాటున ముఖం దాచి మళ్ళీ చూపడం, గుడ్డపేలికలతో గుడ్డా గుడియా చేసి పెళ్ళి చేయడం, గులకరాళ్ళతో అచ్చనగండ్లు. మా పెద్దల తరంలో ఒకే వాకిట్లో తెలుగు జోలపాటా, ఉర్దూ లోరీ రెండూ వినపడేవి. ఇప్పుడు పెద్ద చదువులు చదివినవాళ్ళు పసితనంలో మాటలు, ఆటలు ఎంత ముఖ్యమో చెప్పుతున్నారు. ఆ మాటలూ ఆటలూ ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ళను పక్కన పెట్టి ఆట బడులు మొదలు కావడమే ఈ చరిత్రలో మాకు విచిత్రంగా తోచిన విషయం.

మన దేశంలో ఆట బడి అనే ఆలోచనకు పెద్ద పునాది వేసినవారు గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా. 1920లో బాలమందిరం ప్రారంభించినారు. 1939లో మాంటిస్సోరి గారు మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలంగా చాలా ఏండ్లు ఈ దేశంలోనే ఉండిపోయి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినారు. ఇవన్నీ మంచివే గాని పట్నంలో ఉన్నవాళ్ళకు, ఫీజు కట్టగలవాళ్ళకు, పొద్దున పిల్లను తయారుచేసి పంపే తీరిక ఉన్న తల్లులకు పనికి వచ్చినవి.

బీదవాళ్ళ వాకిట్లోకి ఆట బడిని తెచ్చింది తారాబాయి మోడక్. గిజుభాయితో పనిచేసిన ఈమె 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డి అనే ఊళ్ళో గ్రామ బాల శిక్షణ కేంద్రం పెట్టినారు. హరిజనవాడ పిల్లలు బడికి రాకపోతే వాళ్ళ వాడకే పోయి, అక్కడి అంగణంలో, అంటే ఇంటి ముందు వాకిట్లో, పిల్లలను కూర్చోబెట్టి ఆడించినారు. అంగన్‌వాడీ అన్న మాట అక్కడి నుండి వచ్చింది. అదే కథను చాలామంది చెప్పుతారు. చెప్పకుండా విడిచిపెట్టేది ఏమనగా, వాకిట్లో ఆడిస్తే పిల్లను తెచ్చిన అవ్వ ఎక్కడికీ పోదు. అక్కడే అరుగు మీద కూచొని చూస్తుంది. ఆమె ఇల్లే అది. వాకిట్లో గడప అనేది లేదు. మన దగ్గర అంగన్‌వాడీకి అద్దె గది, తలుపు, గొళ్ళెం వచ్చిన తరువాత పేరు మాత్రం వాకిలి పేరే మిగిలింది.

1957లో తారాబాయి గారు, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్‌తో కలిసి పక్కనే ఉన్న కోస్‌బాడ్ కొండకు, వార్లీ ఆదివాసుల మధ్యకు తరలినారు. అక్కడ వాళ్ళకు అర్థమైన విషయం మన రెండు జిల్లాలకు అచ్చంగా వర్తిస్తుంది. ప్రాథమిక పాఠశాలకు ఆడపిల్లలు ఎందుకు రావడం లేదంటే, చంకలో తమ్ముడో చెల్లెలో ఉంది. అందుకని వాళ్ళు శిశువుల గది, బాల్వాడీ, ప్రాథమిక బడి మూడింటినీ ఒకే చోట పెట్టి దానికి వికాస్‌వాడీ అని పేరు పెట్టినారు. అక్క చెల్లెను ఎత్తుకొని వస్తుంది, చెల్లెను ఆ గదిలో దింపి తన తరగతికి పోతుంది, మధ్యలో వచ్చి చూసుకుంటుంది. పసులు కాసే పిల్లల కోసం పచ్చిక బయలులోనే బడి నడిపినారు. పిల్లను తెచ్చిన మనిషిని కూడా పిల్లతోపాటు లెక్కలోకి తీసుకున్న తొలి ఏర్పాట్లలో ఇదొకటని మా అభిప్రాయం. తారాబాయికి 1962లో పద్మభూషణ్, అనుతాయికి 1984లో పద్మశ్రీ ఇచ్చినారు. బిరుదులు ఇచ్చినారు గాని, ఆ మూడు గదుల పద్ధతిని దేశమంతా పెట్టలేదు.

ఇక మన వైపుకు వస్తాము. తెలుగు ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైనారు. మరుసటి ఏడు నుండి పల్లెలలో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలైనవి. కొన్ని గ్రామాలను ఒక జట్టుగా తీసుకొని, గ్రామసేవిక, మంత్రసాని, చేతిపని నేర్పే టీచరు, వీళ్ళ చేతుల మీదుగా బాల్వాడీ, ప్రసూతి సహాయం, వయోజన స్త్రీలకు చదువు, కుట్టుపని నడిపించాలని ఉద్దేశం. 1952 అక్టోబరు 2న వచ్చిన సమాజ వికాస పథకం బ్లాకులు అప్పటికే పనిచేస్తున్నవి. ఈ బాల్వాడీలు ఊళ్ళోకి ఒక కొత్త గాలి తెచ్చినవి. మట్టిబొమ్మలు, పాటలు, చేతులు కడిగించడం, 1970 నుండి పౌష్టికాహారం. కాని నడిచేది పొద్దున కొన్ని గంటలే. తల్లి పొలం నుండి వచ్చేది పొద్దుగూకినాక. మధ్యలో పిల్లను తెచ్చేది, తీసుకుపోయేది, మిగిలిన పొద్దంతా చూసేది మళ్ళీ అక్కనే.

అదే సమయంలో నల్లగొండ జిల్లాలో ఒక మహానిర్మాణం నడుస్తున్నది. 1955 డిసెంబరు 10న పండిట్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలినారు. రాతికట్టుతో, మనుషుల భుజబలంతో లేచిన ఆనకట్ట అది. రాళ్ళు మోసినవాళ్ళలో పాలమూరు ఆడవాళ్ళు ఎందరో. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి జంటలను తీసుకుపోయే పద్ధతి మనవాళ్ళకు తెలియనిది కాదు. జంట పోతే చంటిపిల్ల పోతుంది, చంటిపిల్ల పోతే దాన్ని చూడడానికి ఎనిమిదేళ్ళ అక్క పోతుంది, లేదా ముసలి తల్లి పోతుంది. మేస్త్రీ లెక్కలో ఇద్దరే. గుడిసెల దగ్గర మాత్రం నలుగురు. అక్క బడి ఆ సంవత్సరంతో సరి. సాగర్ చూడడానికి పోయినప్పుడల్లా ఇంజనీర్ల పేర్లు చదువుతాము. ఆ గుడిసెల ముందు పిల్లలను ఎత్తుకొని తిరిగిన ఆడపిల్లల పేర్లు ఏ రాతి మీదా లేవు.

పాలమూరు కూలీలు సాగర్‌తో ఆగలేదు. శ్రీశైలం, హైదరాబాదు, పూనా, బొంబాయి, దేశంలో ఎక్కడ మట్టి తవ్వితే అక్కడికి పోయినారు. 1969లో గాంధీ శతజయంతికి ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర ప్రదర్శన భవనాలు కట్టుతుంటే, ఎండలో దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి మీరా మహాదేవన్ ఒక డేరాలో శిశుసంరక్షణ కేంద్రం పెట్టినారు. మొబైల్ క్రెషెస్ అన్న సంస్థ అట్లా పుట్టింది. తరువాత బొంబాయి, పూనాలకు కూడా పోయింది. చంటిపిల్లల కోసం డేరా వేస్తే చంటిపిల్లలతోపాటు వాళ్ళ అక్కలు కూడా వచ్చి కూచున్నారు. పొమ్మంటే ఎక్కడికి పోతారు? అందుకని ఉయ్యాలల పక్కన బాల్వాడీ, బాల్వాడీ పక్కన పెద్దపిల్లలకు చదువు మొదలుపెట్టినారు. కోస్‌బాడ్‌లో ఆలోచించి చేసింది ఇక్కడ అవసరం చేయించింది.

చట్టాలు లేకపోలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడకూలీలు యాభై మంది దాటితే పిల్లల గది పెట్టమన్నది, 1976లో ఆ సంఖ్యను ముప్పైకి దించినారు. 1966 బీడీ చట్టం, 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కూడా ఇటువంటి గది అడిగినవి. కాని ఇవన్నీ ఒక చోట గుంపుగా పనిచేసేవాళ్ళకు. ఇంట్లో చాట ముందర కూచొని బీడీలు చుట్టే తల్లికి, పదిమంది కలిసి కలుపుకు పోయే కూలీకి ఈ చట్టాలతో పని లేకపోయింది.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, జనం మాటలో ఐసిడిఎస్, దేశంలో 33 చోట్ల ప్రయోగంగా మొదలైంది. తరువాత క్రమక్రమంగా అన్ని మండలాలకు వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. టీకాలు, తూకాలు, అన్నం, ఆటపాటలు అన్నీ ఒకే చోట, డబ్బు లేకుండా. అంగన్‌వాడీ టీచరమ్మ, ఆయమ్మ తక్కువ గౌరవవేతనంతో ఎంత చాకిరీ చేసినారో, చేస్తున్నారో మేము కండ్లారా చూస్తున్నాము. వాళ్ళను తప్పుపట్టడం మా ఉద్దేశం కానే కాదు. మేము చెప్పదలచింది పథకం రాసిన తీరు గురించి.

ఆ పథకంలో ఎవరెవరికి ఏమి ఇవ్వాలో గడులు గీసి పెట్టినారు. ఆరేళ్ళలోపు పిల్లలకు పౌష్టికాహారం, టీకాలు. గర్భిణులకు, బాలింతలకు ఆహారం, పరీక్షలు. మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు. పదిహేను నుండి నలభై ఐదేళ్ళ స్త్రీలకు ఆరోగ్య, పోషణ బోధన. 1991లో పదకొండు నుండి పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలకు మరొక గడి చేర్చినారు. ఇప్పుడు సభ్యులు ఒక్క నిమిషం ఆలోచించవలె. మన ఇండ్లలో పసిపిల్లలను నిజంగా చూసేది ఎవరు? నలభై ఐదు దాటిన దాదీ, నానీ. ఆరు దాటి పదకొండు నిండని అక్క. ఈ ఇద్దరూ సరిగ్గా ఆ గడుల మధ్య సందులో పడిపోయినారు! కావాలని ఎవరూ చేసి ఉండరు. పిల్ల అంటే తల్లి అని కాగితం మీద రాసుకున్నందువల్ల వచ్చిన ఫలితం ఇది.

దీనికి ఇంకొక మెలిక ఉంది. ఆటపాటలు మూడేళ్ళు నిండిన వాళ్ళకే. మూడేళ్ళలోపు పిల్లకు ఇంటికి పిండి పొట్లం ఇచ్చి పంపించేవాళ్ళు. మన రాష్ట్రంలో అది బాలామృతం. మాటలు పుట్టే వయసు, నడక వచ్చే వయసు పూర్తిగా దాదీ ఒడిలోనే గడిచిపోతుంది. ఆ దాదీకి పొట్లం చేతికి ఇచ్చినారు గాని, లోపలికి వచ్చి కూచోమని, ఈ ఆట చూడమని, నీకు తెలిసిన ఆట మాకు చెప్పమని అన్నవాళ్ళు అరుదు. కొన్ని ఊళ్ళలో మంచి టీచరమ్మలు అవ్వలను కూచోబెట్టి కథలు చెప్పించిన సంగతి మాకు తెలుసు. అది ఆ టీచరమ్మ గుణం, పథకంలో రాసింది కాదు.

అక్క సంగతి ఇంతకన్నా బరువైనది. 1991 జనాభా లెక్కలలో మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరం వచ్చిన ఆడవాళ్ళు నూటికి సుమారు 18 మంది. నల్లగొండలో నూటికి 25కు లోపే. దీనికి బీదరికం, బాల్యవివాహం, దూరపు బడి ఇట్లా ఎన్నో కారణాలు చెప్పుతారు, అన్నీ నిజమే. కాని మన బస్తీలలో బడి మానేసిన ఆడపిల్ల తల్లిని అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు ఒక్కటే: "ఛోటే కో సంభాల్నా హై." చిన్నోణ్ణి చూసుకోవాలె. పల్లెలో తెలుగులో చెప్పినా అదే మాట. అంగన్‌వాడీ చిన్నోణ్ణి కొన్ని గంటలు పట్టుకున్నా, బడి వేళకూ అంగన్‌వాడీ వేళకూ పొత్తు కుదరకపోతే అక్కకు ఒరిగేది లేదు. మూడేళ్ళలోపు వాణ్ణి అసలు పట్టుకొనేవాళ్ళే లేరు. చంకన వేసుకొని బడికి పోతే తరగతిలో ఏడుపు. మా ఎరుకలోనే ఒక ఊళ్ళో అట్లా తమ్ముణ్ణి తెచ్చిన పిల్లను వాకిట్లోనే నిలబెట్టినారు. రెండు రోజులు నిలబడి మూడోనాడు రావడం మానేసింది.

ఢిల్లీలో ఈ సంగతి తెలియదని కాదు. 1986 జాతీయ విద్యా విధానంలోనే, తమ్ముళ్ళను చెల్లెండ్లను చూసుకొనే ఆడపిల్లలు బడికి రావాలంటే పగటిపూట శిశుకేంద్రాలు పెట్టాలని స్పష్టంగా రాసినారు. సర్కారు కాగితాలలో రాసిన మాట ఎంత దూరం పోతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కర లేదు.

మన పక్క జిల్లాలలో రెండు ప్రయత్నాలు జరిగినవి. మెదక్ జిల్లా జహీరాబాదు వైపు 1983లో ప్రారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పొలం పనుల వేళలకు సరిపోయేలా పల్లెల్లో బాల్వాడీలు నడిపింది. రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 ప్రాంతంలో ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వాన బడి బయటి పిల్లల పని చేపట్టింది. తరువాత నల్లగొండ వంటి జిల్లాలకూ వచ్చింది. బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ఇంట్లో తమ్ముణ్ణి చూసే పిల్ల కూడా, అని వాళ్ళు గట్టిగా చెప్పినారు. అప్పట్లో ఈ మాట చాలామందికి మింగుడు పడలేదు. ఇంటి పని పనేనా, తమ్ముణ్ణి ఎత్తుకోవడం చాకిరీనా అని వాదించినారు. ఎత్తుకోవడం చాకిరీ కాదు, నిజమే. పొద్దున ఆరు నుండి రాత్రి దాకా, ఏండ్ల తరబడి, బడి ఒదులుకొని ఎత్తుకోవడం మాత్రం చాకిరీయే. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

పిల్లలను చూడడం కూలికి తగిన పని అని సర్కారు ఒప్పుకున్నది ఎక్కడంటే, మట్టి పనిలో. 2005 ఉపాధి హామీ చట్టం అనుబంధంలో, పనిచోటికి వచ్చిన ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకన్న ఎక్కువ ఉంటే, కూలీలలో ఒక ఆడమనిషిని వాళ్ళను చూడడానికి పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసినారు. 2006 ఫిబ్రవరిలో ఈ చట్టం మొదలైన 200 జిల్లాలలో మన నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నవి. గడ్డపార పట్టినవాళ్ళకు ఇచ్చిన కూలి తొట్టెల పట్టినవాళ్ళకూ అన్న మాట ఈ నేలకు కొత్తది. ఆచరణలో పనిచోట నీడ కూడా దొరకని ఊళ్ళు ఎన్నో. అయినా కాగితం మీద ఆమెకు ఒక గడి దొరికింది.

ఇప్పుడు ప్రత్యేకంగా మన మొహల్లాల సంగతి. 2006 జూన్‌లో వచ్చిన ప్రధానమంత్రి పదిహేను సూత్రాల కొత్త కార్యక్రమంలో మొట్టమొదటి సూత్రమే, మైనారిటీలు ఎక్కువగా ఉన్న చోట్ల ఐసిడిఎస్ సేవలు న్యాయంగా అందాలని. అదే ఏడు నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆరేళ్ళలోపు పిల్లలు నలభై మంది ఉన్న బస్తీవాళ్ళు అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలని ఆదేశించింది. ఆరు నెలల లోపల మూడు మంచి కాగితాలు! వీటితో కొత్త కేంద్రాలు వచ్చినవి. కాని మన ఇండ్లలో దాదీ మాట్లాడేది ఉర్దూ. టీచరమ్మ పాట తెలుగులో. పిల్లలకు రెండు భాషలూ రావడం మంచిదే, మేము దానికి వ్యతిరేకం కాదు. కాని మూడేళ్ళ పిల్లకు దాహం వేస్తే "పానీ" అంటుంది. దాదీ ఒక గంట లోపల కూచున్నా పిల్ల ఏడుపు తగ్గుతుంది, టీచరమ్మకు నాలుగు ఉర్దూ మాటలు వస్తాయి, దాదీకి నాలుగు తెలుగు పాటలు వస్తాయి. పరదా పాటించే ఇండ్ల నుండి కోడలు రాలేకపోయినా దాదీ రాగలదు. దాదీని లోపల కూచోబెట్టడానికి ఖర్చు ఒక చాప.

ఈ బాధ మన ఒక్కరిది కాదు. ఇంగ్లండులో 1961లో బెల్ టుటాయెవ్ అనే తల్లి, సర్కారు నర్సరీలు లేకపోతే మనమే కలిసి పిల్లలను ఆడించుకుందాము అని పత్రికకు ఉత్తరం రాస్తే అక్కడ ఆట గుంపుల ఉద్యమం లేచింది. అది తల్లుల ఉద్యమం. డబ్బుకు ఇతరుల పిల్లలను చూసే ఆడవాళ్ళు తమ మాట తాము చెప్పుకోవడానికి 1977లో వేరే సంఘం పెట్టుకోవలసి వచ్చింది. చదువుకున్న దేశంలోనూ తల్లికి ఒక పీట, ఆయాకు ఒక పీట!

ఇటీవలి ఏండ్లలో కొంత మార్పు ఉన్నదని ఒప్పుకోవాలె. 2013 జాతీయ విధానం తరువాత నెలకొకసారి తల్లిదండ్రులను, ఊరివాళ్ళను అంగన్‌వాడీకి పిలిచి పిల్లల ఆటలు చూపించే రోజు పెట్టినారు. తెలంగాణలో 2015 జనవరి 1 నుండి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలోనే కూచొని పూట భోజనం చేయడం మొదలైంది. గడప లోపలికి పెద్దవాళ్ళు రావడం, చాప మీద కూచోవడం దీనితో మామూలైంది. 2022లో పాల్నా అనే పేరుతో అంగన్‌వాడీలకే శిశుసంరక్షణ గది జోడించే పథకం వచ్చింది. 2024లో కేంద్ర ప్రభుత్వం నవచేతన అని మూడేళ్ళలోపు పిల్లల ఆటల పుస్తకం తెచ్చి, ఇంటింటికి పోయి ఆ పిల్లలను చూసేవాళ్ళకే ఆటలు చూపించమన్నది. దాదీ ఒడి దగ్గరకు సర్కారు నడిచి రావడానికి 1975 నుండి దాదాపు యాభై ఏండ్లు పట్టింది.

ఈ సంచిక చదివే సభ్యులు తమ మొహల్లా అంగన్‌వాడీకి ఒకసారి పొద్దున పోయి రావలెనని మా మనవి. పిల్లలను తెచ్చినది ఎవరు అని తలుపు దగ్గర నిలబడి లెక్కబెట్టండి. తల్లులు ఎందరు, దాదీలు, నానీలు ఎందరు, పక్కింటి ఖాలాలు ఎందరు, పలక సంచి లేకుండా వచ్చిన అక్కలు ఎందరు. అక్కల లెక్క విడిగా, వయసుతో సహా రాసి సొసైటీ ఆఫీసుకు పంపించండి. బడి తెరిచే జూన్ నెల కంటె ముందే ఆ లెక్క మాకు అందితే, ఏ ఇంట్లో ఏ పిల్లను ఎవరు పట్టుకుంటే ఆ అక్క బడికి పోగలదో కూచొని మాట్లాడుకోవడానికి వీలవుతుంది.